పాత డయల్-అప్ మోడెమ్ లినక్స్‌లో కనపడటం లేదా? ముందు చిప్ నంబరు చూడండి

మీరు రాసిన వివరాలు ఇవీ. కొట్టులో పాత పెంటియం 4 డెస్క్‌టాప్ ఉంది, అందులో ఏనాటిదో ఒక పీసీఐ మోడెమ్ కార్డు ఉంది. డెబియన్ 12 లినక్స్ వేశారు. మోడెమ్‌ను వెతికిపెట్టే డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ నడిపితే మోడెమ్ ఏదీ కనపడలేదంటోంది. సీరియల్ పోర్టుతో మాట్లాడే మినీకామ్‌లో ఏటీ (మోడెమ్‌ను పలకరించే కమాండ్) అని కొడితే చప్పుడు లేదు. కొట్టు ల్యాండ్‌లైన్‌కు ఎవరెవరు ఫోన్ చేశారో కంప్యూటర్‌లో నమోదు కావాలి, అప్పుడప్పుడు ఫ్యాక్స్ కూడా పంపాలి. పీసీఐ కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ ఇచ్చిన లైన్‌లో 0780 అనీ, 14ఎఫ్1:2ఎఫ్00 అనీ ఉన్నాయి.

ఆ లైన్ పెట్టినందుకు థ్యాంక్స్. చాలామంది అది పెట్టకుండా 'మోడెమ్ రావట్లేదు, హెల్ప్ చేయండి' అని మాత్రమే రాస్తారు. అప్పుడు ఎవరు ఏం చెప్పినా అది ఊహే అవుతుంది. మీ విషయంలో ఊహించాల్సిన అవసరం లేదు. మీ కార్డు పాడైపోలేదు, డెబియన్‌లో లోపం లేదు, మీరు చేసిన ఇన్‌స్టలేషన్‌లోనూ తప్పు లేదు. కానీ ఆ కార్డుతో మీ పని అవ్వదు. దానికోసం ఇంకో ఆదివారం పాడు చేసుకోవద్దు. దాని బదులు ఏం పెట్టుకోవాలో, పెట్టుకున్నాక ఎలా పలికించాలో కింద వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పాత మోడెమ్‌లు దగ్గర పెట్టుకున్న మిగతావాళ్లకు కూడా పనికొచ్చేలా కొంచెం విస్తరించే చెబుతాను.

ఒక మాట: కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. టీటీవైతో మొదలయ్యే పోర్టు పేర్లలో మాత్రం టీటీవై తర్వాతి అక్షరాలు పెద్దవి.

ముందు మీ కార్డు సంగతి. 14ఎఫ్1 అనేది కోనెక్సాంట్ కంపెనీ గుర్తింపు సంఖ్య. 2ఎఫ్00 ఆ కంపెనీ హెచ్‌ఎస్‌ఎఫ్ కుటుంబంలోని 56కే మోడెమ్. ఇది సాఫ్ట్‌మోడెమ్. జనం వాడే పేరు విన్‌మోడెమ్. అసలు ఆ పేరు యూఎస్ రోబోటిక్స్ వాళ్ల ట్రేడ్‌మార్క్, తర్వాత ఈ జాతి మొత్తానికీ అదే పేరు స్థిరపడింది.

మోడెమ్ చేసే పనిని రెండు భాగాలుగా చూడాలి. ఒకటి, ఫోన్ లైన్‌లో వచ్చే కీచుశబ్దాన్ని అంకెలుగా మార్చడం, అంకెల్ని మళ్లీ శబ్దంగా మార్చడం. రెండోది, మనం పంపే ఏటీ కమాండ్లను అర్థం చేసుకుని డయల్ చేయడం, తప్పులు దిద్దడం, డేటాను కుదించడం. పూర్తి మోడెమ్‌లో ఈ రెండూ కార్డు మీది చిప్‌లే చేస్తాయి. 1990ల చివర్లో పీసీ ప్రాసెసర్లు బలం పుంజుకోగానే, ఖర్చు తగ్గించుకోవడానికి తయారీదారులు ఈ పనుల్ని కార్డు మీంచి తీసేసి విండోస్ డ్రైవర్‌కు అప్పగించారు. కొందరు రెండో భాగాన్ని మాత్రమే తీశారు, మీ కార్డు లాంటివాటిలో రెండూ తీసేశారు. కార్డు మీద మిగిలింది ఫోన్ లైన్‌కు తగులుకునే సర్క్యూటు మాత్రమే. గిన్నెలూ పొయ్యీ ఉన్నాయి, వంటమనిషి విండోస్‌తోపాటు వెళ్లిపోయాడు. అందుకే లినక్స్ ఆ కార్డును చూడగలుగుతోంది, వాడలేకపోతోంది.

హెచ్‌ఎస్‌ఎఫ్‌కు లినక్స్ డ్రైవర్ లేకపోలేదు. లినక్సాంట్ అనే కంపెనీ ఒకటి చేసింది. ఉచితంగా ఇచ్చిన రూపంలో వేగం 14.4 కేబీపీఎస్ దగ్గర ఆగిపోయేది, ఫ్యాక్స్ ఉండేది కాదు. 56కే, ఫ్యాక్స్ కావాలంటే డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. ఆ డ్రైవర్‌లో సగం భాగం సోర్స్ లేని మూటగా వచ్చేది, మిగతా సగం అప్పటి కెర్నల్‌కు (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగానికి) అతుక్కునేలా రాసినది. మీ డెబియన్ 12లో ఉన్నది 6.1 కెర్నల్. కంపెనీ ఇచ్చిన రూపంలో ఆ డ్రైవర్ దీనితో కంపైల్ కాదు.

ఇక 'డిటెక్ట్ కావట్లేదు' అని ఎవరైనా అన్నప్పుడు నేను మొదట చూసేది, ఎక్కడిదాకా వచ్చి ఆగిందన్నది. మెట్లు మూడున్నాయి. కెర్నల్‌కు ఆ వస్తువు కనపడిందా? కనపడితే, దానికి ఒక సీరియల్ పోర్టు పేరు ఇచ్చిందా? పేరు ఉంటే, ఆ పోర్టు అవతల ఉన్నది ఏటీ అంటే ఓకే అంటోందా? మీ కార్డు మొదటి మెట్టు ఎక్కింది, రెండో మెట్టు దగ్గర నిలిచిపోయింది. డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ మాత్రం మూడో మెట్టునే చూస్తుంది. ఉన్న పోర్టులన్నింటికీ ఏటీ పంపి, జవాబు రాకపోతే 'లేదు' అనేస్తుంది. మొదటి రెండు మెట్లలో ఏమైందో దానికి అక్కర్లేదు. కాబట్టి ఆ మెసేజ్ చూసి మోడెమ్ చచ్చిపోయిందనుకోకూడదు.

మొదటి మెట్టుకు ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్ చాలు. అందులో బ్రాకెట్ల మధ్య ఉండే నాలుగంకెల తరగతి సంఖ్య చూడండి. 0700 అంటే సీరియల్ కంట్రోలర్. 0703 అంటే మోడెమ్. 0780 అంటే 'ఇతర కమ్యూనికేషన్' అనే కలగూరగంప తరగతి. 0780 అని కనపడగానే అది సాఫ్ట్‌మోడెమ్ అని దాదాపు తేల్చుకోవచ్చు. 0700 అని ఉండి పక్కన 16550 (సీరియల్ పోర్టు చిప్ నంబరు) అని కూడా రాసి ఉంటే మీ పంట పండినట్టే, అది పూర్తి మోడెమ్. ఉదాహరణకు యూఎస్ రోబోటిక్స్ 5610 కార్డు 12బీ9:1008 అనే నంబరుతో సీరియల్ కంట్రోలర్‌గా కనపడుతుంది. దానికి డ్రైవర్ వెతకక్కర్లేదు. కెర్నల్‌లో ఉన్న మామూలు సీరియల్ డ్రైవరే పట్టుకుని సాధారణంగా టీటీవైఎస్4 అని పేరు పెడుతుంది.

ఎల్‌ఎస్‌పీసీఐలో అసలు ఏమీ రాకపోతే అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. కరెంటు తీసి, కార్డు బయటికి లాగి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, వేరే స్లాట్‌లో గట్టిగా కూర్చోపెట్టండి. అప్పటికీ రాకపోతే కార్డు పోయినట్టే. మన దగ్గర మోడెమ్ కార్డులు ఎక్కువగా పోయింది వానాకాలం పిడుగులకు. పిడుగుపాటు ఫోన్ తీగ వెంట వచ్చి లైన్ సర్క్యూట్‌ను కాల్చేస్తుంది. కొన్నిసార్లు కార్డు కంప్యూటర్‌కు కనపడుతూనే ఉంటుంది, ఏటీకి ఓకే కూడా అంటుంది, డయల్ చేస్తే మాత్రం డయల్ టోన్ లేదంటుంది. కొత్తది కొన్నా సరే, ఉరుములు మొదలవగానే ఫోన్ తీగ పీకేయడం అలవాటు చేసుకోండి.

మిగతా పాత కార్డుల గురించి కూడా రెండు మాటలు. పెట్టె మీది బ్రాండ్ పేరును నమ్మొద్దు. ఒకే బ్రాండ్, ఒకే రంగు పెట్టెలో వేర్వేరు కంపెనీల చిప్‌లతో కార్డులు వచ్చేవి. కార్డు మీద అన్నిటికన్నా పెద్ద చిప్ ఎవరిదో అదే అసలు మోడెమ్. 11సీ1 అని ఉంటే లూసెంట్ లేదా అగేర్. వాటికి ఎల్‌టీమోడెమ్, తర్వాత మార్షియన్ అనే డ్రైవర్లు ఉండేవి. 1057:5600 అంటే మోటరోలా ఎస్‌ఎం56. 8086:1040 అంటే ఇంటెల్ 536ఈపీ, 8086:1080 అంటే 537ఈపీ. 134డీ అంటే పీసీటెల్. వీటన్నిటికీ ఒకప్పుడు ఏదో ఒక డ్రైవర్ ఉండేది. అవన్నీ 2.4, 2.6 కెర్నళ్ల కాలం నాటివి. లిన్‌మోడెమ్స్ అనే వాలంటీర్ల బృందం స్కాన్‌మోడెమ్ అనే స్క్రిప్టు రాసి, ఏ చిప్‌కు ఏ డ్రైవర్ పడుతుందో కార్డు కార్డుకూ ఓపిగ్గా చెప్పేది. ఆ రోజుల్లో లినక్స్‌తో ఇంటర్నెట్‌లోకి వెళ్లినవాళ్లలో చాలామంది వాళ్లకు రుణపడి ఉన్నారు. ఇవాళ ఆ డ్రైవర్లు పాత కెర్నల్ లేకుండా నడవవు.

రెండో మెట్టులో ఒక తిరకాసు ఉంది, దాని దగ్గర చాలామంది మోసపోతారు. డెవ్ ఫోల్డర్‌లో చూస్తే టీటీవైఎస్0, 1, 2, 3 అని వరసగా ఫైళ్లు ఉంటాయి. ఉబుంటులో అయితే 31 దాకా ఉంటాయి. 'ఇన్ని పోర్టులు ఉన్నాయి కదా, మోడెమ్ ఏదో ఒకదాంట్లో ఉంటుంది' అనుకుని ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ కూర్చుంటారు. ఆ ఫైళ్లు ఖాళీ పేర్లు. వాటి వెనక హార్డ్‌వేర్ ఉండాలన్న నియమం లేదు. నిజంగా ఏది ఉందో తెలియాలంటే సుడోతో డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్, కొట్టాల్సింది డీ ఎం ఈ ఎస్ జీ) నడిపి అందులో టీటీవై అనే మాట ఉన్న లైన్లు మాత్రం చూడండి. నిజమైన పోర్టు ఉంటే దాని పేరు, 0ఎక్స్3ఎఫ్8 లాంటి చిరునామా, ఐఆర్‌క్యూ సంఖ్య, చివర 16550ఏ అని ఉంటాయి. లేని పోర్టును తెరవబోతే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. సెట్‌సీరియల్ -జీ కమాండ్ అయితే యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టు చిప్) తెలియదని చెబుతుంది. మదర్‌బోర్డు వెనక తొమ్మిది పిన్నుల పోర్టు కంటికి కనిపిస్తున్నా డీమెసేజ్‌లో లేకపోతే, బయోస్‌లో సీరియల్ పోర్టు డిసేబుల్ అయి ఉంటుంది, అక్కడ ఆన్ చేయండి. మొదటి పోర్టుకు 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4, రెండోదానికి 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3 ఉండాలి.

ఇప్పుడు మీరు ఏం పెట్టుకోవాలి? దారులు రెండున్నాయి.

ఒకటి, సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మీది పాత డెస్క్‌టాప్ కాబట్టి పోర్టు ఎలాగూ ఉంటుంది. డీలింక్, యూఎస్ రోబోటిక్స్, మల్టీటెక్ లాంటివి పాత సామాన్ల కొట్లలో, మూతపడ్డ ఆఫీసుల అటకల మీద ఇంకా దొరుకుతాయి. పూర్తి సీరియల్ మోడెమ్ అయితే డ్రైవర్ అనే మాటే ఎత్తక్కర్లేదు. 1994 నాటి పెట్టె అయినా ఇవాళ్టి కెర్నల్‌తో మాట్లాడుతుంది, ఎందుకంటే వాటి మధ్య ఉన్నది సీరియల్ తీగా, ఏటీ భాషా మాత్రమే. ఆ రెండూ మారలేదు.

కొనేటప్పుడు అడాప్టర్ కూడా ఇమ్మని పట్టుబట్టండి. పాత బయటి మోడెమ్‌లలో చాలావాటికి ఏసీ అవుట్‌పుట్ ఇచ్చే అడాప్టర్ కావాలి. పిన్ను సరిపోయింది కదా అని ఇంట్లో ఉన్న రౌటర్ డీసీ అడాప్టర్ గుచ్చేయకండి. మోడెమ్ అడుగున ఉన్న లేబుల్ చదివి, వోల్టేజీతోపాటు ఏసీనా డీసీనా అన్నది కూడా సరిచూసుకోండి. తీగ కూడా ముఖ్యమే. మోడెమ్‌కు వాడాల్సింది స్ట్రెయిట్ కేబుల్. రెండు కంప్యూటర్లను కలపడానికి అమ్మే నల్ మోడెమ్ కేబుల్ పేరులో మోడెమ్ అని ఉన్నా అది మోడెమ్‌కు పనికిరాదు, లోపల తీగలు అడ్డంగా మార్చి ఉంటాయి.

బయటి మోడెమ్‌లో ఇంకో సుఖం ముందున్న లైట్లు. ఎంఆర్ వెలిగితే మోడెమ్‌కు కరెంటు అందింది, సిద్ధంగా ఉంది. మినీకామ్ తెరవగానే టీఆర్ వెలగాలి. అంటే కంప్యూటర్ తాను సిద్ధమని తీగ ద్వారా చెప్పింది, మోడెమ్ విన్నది. మీరు ఒక అక్షరం కొట్టగానే ఎస్‌డీ ఒక్క క్షణం మినుకుమనాలి. మోడెమ్ జవాబిస్తే ఆర్‌డీ మినుకుమంటుంది. టీఆర్ వెలగకపోతే తప్పు పోర్టు తెరిచారు, లేదా తీగ సరైంది కాదు. ఎస్‌డీ మినుకుమని ఆర్‌డీ ఊరుకుంటే మీ మాట మోడెమ్ దాకా చేరింది, అది అర్థం చేసుకోలేదు. అప్పుడు వేగం మార్చి చూడండి, 115200 బదులు 19200 లేదా 9600 పెట్టండి. ఈ లైట్లు చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పీసీఐ కార్డులో ఇదే సంగతి తేలడానికి సాయంత్రం పడుతుంది.

పోర్టు మీదే అనుమానం ఉంటే మోడెమ్ తీసేసి, మినీకామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపేసి, తొమ్మిది పిన్నుల్లో 2నూ 3నూ చిన్న తీగతో కలపండి. లోకల్ ఎకో ఆఫ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. మీరు కొట్టిన అక్షరం తిరిగి తెర మీదకి వస్తే పోర్టు బాగున్నట్టే.

కంప్యూటర్‌లో సీరియల్ పోర్టు లేనివాళ్లు యూఎస్‌బీ-సీరియల్ తీగ వాడుకోవచ్చు. ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సీహెచ్340 చిప్‌లకు డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉన్నాయి, పేరు టీటీవైయూఎస్‌బీ0 అని వస్తుంది. ఉబుంటు 22.04లో సీహెచ్340 తీగ గుచ్చగానే పోర్టు వచ్చి వెంటనే మాయమైతే, అది బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ పని. చూపులేనివారి బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న ప్రోగ్రామ్ అది, ఈ తీగను కూడా బ్రెయిలీ పరికరమే అనుకుని లాక్కుంటుంది. మీకు బ్రెయిలీ అవసరం లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి.

రెండో దారి యూఎస్‌బీ మోడెమ్. మీ అవసరానికి, అంటే రోజంతా లైన్‌కు తగిలించి కాలర్ ఐడీ పట్టుకోవడానికి, మీకు ఇదే సులువు. కావలసిన మాట సీడీసీ-ఏసీఎం. ఈ పద్ధతి పాటించే మోడెమ్‌ను గుచ్చగానే కెర్నల్ టీటీవైఏసీఎం0 అని పేరు పెడుతుంది, వేరే ఇన్‌స్టలేషన్ ఏమీ ఉండదు. యూఎస్ రోబోటిక్స్ 5637 ఇలాంటిదే. కోనెక్సాంట్ సీఎక్స్93010 చిప్ ఉన్నవి కూడా ఇలాంటివే, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 0572తో మొదలవుతాయి. మీ పీసీఐ కార్డు చేసిన కంపెనీయే ఇది కూడా చేసింది. కంపెనీ పేరు కాకుండా చిప్ నంబరు చూడమని మొదటినుంచీ అంటున్నది ఇందుకే. యూఎస్‌బీలోనూ సాఫ్ట్‌మోడెమ్‌లు ఉన్నాయి కాబట్టి కొనే ముందు వీలైతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -వీ చూడండి. ఇంటర్‌ఫేస్ తరగతి కమ్యూనికేషన్స్ అనీ, ప్రోటోకాల్ దగ్గర ఏటీ కమాండ్స్ అనీ ఉంటే తీసుకోండి. వెండర్ స్పెసిఫిక్ అని మాత్రమే ఉంటే వదిలేయండి.

ఇప్పుడు మూడో మెట్టు. పోర్టు వచ్చినా ఓకే రాకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణాలు రెండు. ఒకటి, పర్మిషన్. మీ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చాలి, చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఆర్చ్‌లో ఆ గ్రూపు పేరు యూయూసీపీ. రెండోది మోడెమ్‌మేనేజర్. ఇది మొబైల్ డాంగిళ్ల కోసం ఉన్న సర్వీసు. యూఎస్‌బీ మోడెమ్ గుచ్చగానే ఇది ముందు దూరి తన ప్రశ్నలు తాను అడగడం మొదలుపెడుతుంది. ఆ సమయంలో మీరు మినీకామ్ తెరిస్తే పోర్టు బిజీ అంటుంది, లేదా తెర మీద మీరు కొట్టని అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. ఆ కంప్యూటర్‌లో డాంగిల్ వాడరు కాబట్టి సిస్టమ్‌సీటీఎల్‌తో దాన్ని స్టాప్ చేసి, మళ్లీ మొదలవకుండా మాస్క్ చేసేయండి.

తర్వాత మినీకామ్ -ఎస్ తెరిచి పోర్టు పేరు ఇచ్చి, 115200 8ఎన్1 పెట్టి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ చేయండి. ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ, టీ రెండూ పెద్ద అక్షరాలైనా ఉండాలి, రెండూ చిన్నవైనా ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే మోడెమ్ పట్టించుకోదు. ఓకే బదులు 0 అని అంకె వస్తే కంగారు పడకండి, అదీ ఓకేనే. ఇంతకుముందు వాడినవాళ్లు మాటల బదులు అంకెలు వచ్చేలా సెట్ చేసి ఉంటారు. కొట్టింది కనపడకపోయినా అంతే. ఏటీ&ఎఫ్ కొట్టి ఫ్యాక్టరీ సెట్టింగులకు తెచ్చి, తర్వాత ఏటీఈ1క్యూ0వీ1 కొట్టండి. కొట్టినవి కనపడతాయి, జవాబులు మాటల్లో వస్తాయి. ఏటీఐ3 కొడితే చాలా మోడెమ్‌లు తమ పేరో వెర్షనో చెప్పుకుంటాయి. ఏటీ+ఎఫ్‌క్లాస్=? కొడితే వచ్చే అంకెల్లో 1 గానీ 2 గానీ ఉంటే ఫ్యాక్స్ చేయగలదు, 8 ఉంటే వాయిస్ కూడా ఉంది.

ఇక్కడిదాకా వస్తే మోడెమ్ డిటెక్ట్ అయినట్టే. కానీ మీ పని ఫోన్ లైన్ మీద ఉంది కాబట్టి దాని గురించీ చెప్పాలి.

డయల్ చేస్తే 'డయల్ టోన్ లేదు' అని వస్తే ముందు తీగ సరైన రంధ్రంలో ఉందో లేదో చూడండి. మోడెమ్‌కు లైన్ అనీ, ఫోన్ అనీ రెండు ఉంటాయి. గోడ దగ్గరి రోజెట్ నుంచి వచ్చే తీగ లైన్‌లో, మీ ఫోన్ సెట్టు ఫోన్‌లో ఉండాలి. అది సరిగ్గానే ఉంటే కారణం డయల్ టోనే కావచ్చు. మన దేశంలో డయల్ టోన్ 400 హెర్ట్జ్, దాన్ని 25 హెర్ట్జ్‌తో కలిపి పంపుతారు. అమెరికా టోన్‌కు సెట్ చేసిన మోడెమ్ దీన్ని గుర్తుపట్టకపోవచ్చు. ఏటీఎక్స్3 ఇస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది. దేశం కోడ్ మార్చే వీలున్న చిప్ అయితే ఏటీ+జీసీఐ=53 ఇవ్వండి, 53 ఇండియా.

ఇంకా పెద్ద విషయం, మీ ల్యాండ్‌లైన్ ఇప్పటికీ రాగి తీగేనా? ఆంధ్రాలో, తెలంగాణలో చాలా చోట్ల పాత నంబరును అలాగే ఉంచి ఫైబర్‌కు మార్చేశారు. అప్పుడు మీ ఫోన్ తగిలేది గోడ రోజెట్‌కు కాదు, ఫైబర్ పెట్టె వెనకున్న ఫోన్ పోర్టుకు. మోడెమ్ తీగ కూడా అక్కడే గుచ్చాలి. గొంతు అందులో ప్యాకెట్లుగా వెళ్తుంది. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు, మోడెమ్ శబ్దానికి మాత్రం ఒక్క ప్యాకెట్ ఆలస్యమైనా దెబ్బే. ఫ్యాక్స్ మధ్యలో తెగిపోతుంటే వేగాన్ని 14400 నుంచి 9600కు దించండి. ఫైబర్ పెట్టె సెట్టింగుల్లో జీ.711 కోడెక్, టీ.38 ఫ్యాక్స్ ఉన్నాయేమో మీ సర్వీస్ వాళ్లను అడగండి. రెండు మోడెమ్‌లు మామూలు ఫోన్ లైన్ల మీద నేరుగా మాట్లాడుకుంటే రాగి తీగ మీద కూడా 33.6 కేబీపీఎస్ దాటదు. 56కే రావాలంటే అవతలివైపు ఎక్స్ఛేంజీకి డిజిటల్‌గా కలిసి ఉండాలి. పాతరోజుల్లో ఇంటర్నెట్ కంపెనీల దగ్గర అలా ఉండేది.

కాలర్ ఐడీకి ఈ బాధ తక్కువ. ముందుగా మీ లైన్ మీద ఆ సౌకర్యం ఆన్‌లో ఉండాలి. మోడెమ్‌కు ఏటీ+వీసీఐడీ=1 ఇవ్వండి, ఏటీఎస్0=0 కూడా ఇవ్వండి, లేకపోతే అదే ఫోన్ ఎత్తేసే ప్రమాదం ఉంది. మినీకామ్ తెరిచి ఉంచి మీ సెల్ నుంచి కొట్టుకు ఫోన్ చేయండి. మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య తేదీ, సమయం, నంబరు వరసగా మూడు లైన్లలో రావాలి. రింగ్ అని వస్తూ నంబరు రాకపోతే, ఆ లైన్‌లో కాలర్ ఐడీ డీటీఎంఎఫ్ (ఫోన్ మీటల టోన్ల) పద్ధతిలో వస్తూ ఉండొచ్చు. చాలా మోడెమ్‌లు ఎఫ్‌ఎస్‌కే పద్ధతిని మాత్రమే వింటాయి. ఫైబర్ పెట్టె అయితే ఈ పద్ధతి మార్చే సెట్టింగు అందులో ఉండే అవకాశం ఉంది, సర్వీస్ వాళ్లతో ఎఫ్‌ఎస్‌కేకి మార్పించుకోండి. నంబరు మినీకామ్‌లో కనపడ్డాక ఎన్‌సీఐడీ అనే ప్రోగ్రామ్ వేసుకోండి. అది వచ్చిన ప్రతి కాల్‌నూ లాగ్‌లో రాస్తుంది, అదే నెట్‌వర్క్‌లో ఉన్న వేరే కంప్యూటర్ తెర మీద కూడా చూపిస్తుంది. అప్పుడప్పుడు పంపే ఫ్యాక్స్‌కు ఈఫ్యాక్స్-జీటీకే చాలు. హైలాఫ్యాక్స్ పెద్ద ఆఫీసులకు. పోర్టు పేరు రీబూట్ తర్వాత మారుతుందేమోనన్న టెన్షన్ లేకుండా, ఈ ప్రోగ్రాముల్లో డెవ్ కింద సీరియల్, దాని కింద బై-ఐడీ ఫోల్డర్‌లో ఉన్న పొడుగాటి పేరు ఇవ్వండి.

పాత ల్యాప్‌టాప్‌లో మోడెమ్ ఉన్నవాళ్లకు ఒక మాట. అవీ సాఫ్ట్‌మోడెమ్‌లే, కానీ వాటిలో కొన్నింటికి ఇంకా ఆశ ఉంది. ఏసీ'97 రకం మోడెమ్‌లకు ఎస్‌ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం లాంటి మాడ్యూళ్లు కెర్నల్‌లో ఉన్నాయి. లైన్‌ను అవి చూసుకుంటాయి, శబ్దం లెక్కలు స్మార్ట్‌లింక్ వాళ్ల ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ చేస్తుంది. ఎస్‌ఎల్‌మోడెమ్‌డీలో సోర్స్ లేని భాగం 32 బిట్‌ది, కాబట్టి 64 బిట్ సిస్టమ్‌లో 32 బిట్ లైబ్రరీలు కావాలి. అది టీటీవైఎస్‌ఎల్0 అనే పోర్టు ఇస్తుంది. డబ్ల్యూవీడయల్ వాడేట్టయితే సెట్టింగుల్లో క్యారియర్ చెక్ నో అని పెట్టండి, అది నిజమైన సీరియల్ పోర్టు కాదు కాబట్టి క్యారియర్ సంకేతం రాదు.

మీ కార్డునే పలికించి తీరాలని ముచ్చటగా ఉంటే, వేరే హార్డ్ డిస్క్ మీద 2.6 కెర్నల్ కాలపు డిస్ట్రో, ఉదాహరణకు డెబియన్ 5, వేసి ఆనాటి డ్రైవర్‌తో ప్రయత్నించుకోవచ్చు. ఆ డిస్క్‌ను నెట్‌కు కలపొద్దు, కొట్టు లెక్కలు అందులో పెట్టొద్దు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇంకో సంగతి, మీ పెంటియం 4 32 బిట్‌ది అయితే డెబియన్ 12లోనే ఉండండి. డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ లేదు. డెబియన్ 12కు ఎల్‌టీఎస్ సపోర్టు 2028 జూన్ దాకా ఉంది.

కొత్త మోడెమ్ తెచ్చి తగిలించాక ఇవి పెట్టండి: ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో దాని లైను, గుచ్చిన వెంటనే డీమెసేజ్‌లో వచ్చిన చివరి పది లైన్లు, మినీకామ్‌లో ఏటీఐ3కి వచ్చిన జవాబు. మీ ఫోన్ రాగి తీగ మీద ఉందో ఫైబర్ మీద ఉందో కూడా రాయండి. నంబరు రాకపోతే అక్కణ్నుంచి చూద్దాం.